వెనక దీపానికి నలుపెందుకు?

'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు' - పేపర్లో ఈ మాట కంటపడని వారం ఉండదు. అయ్యో అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఆ లారీకి వెనక ఎర్రదీపం వెలిగి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన మనకి రాదు. ఇక్కడ లారీల సంగతి ఇలా ఉంటే, చక్కగా వెలిగే దీపాలున్న కార్లకి డబ్బిచ్చి మరీ వాటిని మసకబార్పించుకునే సరదా ఒకటి బయల్దేరింది. దాన్ని 'స్మోక్' చేయించడం అంటున్నారు కుర్రాళ్లు. టెయిల్ లైటు ఊడదీసి, విప్పి, నల్లరంగు కొట్టి, బల్బుల చోట ఎల్‌ఈడీ పట్టీలు అతికించి మళ్లీ మూసేస్తారు. విదేశీ కారులా ఉంటుందట!

"కార్ల గొడవ మనకెందుకండీ, మగవాళ్లు చూసుకుంటారు" అంటారా? అయితే ఒక్కసారి మీ కారు ఆర్‌సీ తీసి చూడండి. కొన్ని ఇళ్లలో అది ఇల్లాలి పేరు మీదే ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. అందుకే నాకీ దీపాల సంగతి పట్టింది.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ మా దగ్గరే ఉంటున్నాడు. కిందటి వానల్లో మా కారు ఎడమ టెయిల్ లైటులోకి నీళ్లు దిగాయి. "విప్పించి ఆరబెట్టించి సీలు వేయిద్దాం పిన్నీ. ఎలాగూ విప్పుతారు కదా, పనిలో పనిగా స్మోక్ కూడా..." అని నసిగాడు. "పద, నేనూ వస్తా" అన్నాను. విజయవాడ ఆటోనగర్లో ఒక చిన్న షాపు ముందు గంటన్నర కూర్చున్నాను. ఆ మేస్త్రీ ఓపిగ్గా అన్నీ చూపించాడు.

విప్పడం అంత తేలికా?

పాత కార్లలో చాలావాటికి ఎర్ర గ్లాసు స్క్రూలతో బిగించి ఉండేది. విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం - అంతే. ఇప్పటివి అలా కావు. కొన్నిటికి గ్లాసునీ వెనక డబ్బానీ బ్యూటైల్ రబ్బరుతో అతికిస్తారు. నల్లగా, బబుల్‌గమ్‌లా సాగే జిగురది. వేడి తగిలితే మెత్తబడుతుంది. వంద డిగ్రీలకి అటూ ఇటూగా కొద్ది నిమిషాలు వేడిచేసి, మెల్లగా పట్టి లాగితే ఊడొస్తుంది. హెడ్‌లైట్లలో ఈ పద్ధతి ఎక్కువ. కానీ టెయిల్ లైటు గ్లాసు నిజానికి గాజు కాదు, ఆక్రిలిక్ ప్లాస్టిక్. అదీ దాదాపు ఆ వేడికే మెత్తబడుతుంది. కాస్త ఆదమరిస్తే అప్పడంలా వంకర్లు పోతుంది.

ఇంకో మాట. కొందరు కుర్రాళ్లు ఇంట్లో అమ్మ కేకులు చేసుకునే ఓవెన్‌లోనే ఈ పని కానిచ్చేస్తున్నారట! ప్లాస్టిక్, రబ్బరు వేడెక్కిన చోట మళ్లీ తిండి వండుకోవడం ఏం ఆరోగ్యం చెప్పండి? మీ ఓవెన్ మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇక చాలా టెయిల్ లైట్లకి జిగురే ఉండదు. ఫ్యాక్టరీలోనే ప్లాస్టిక్‌ని కరిగించి అతికేస్తారు. "ఇది అతుకు కాదమ్మా, ఒకటే ముద్ద. కొయ్యాల్సిందే" అన్నాడు మేస్త్రీ, మా కారు దీపం తిప్పి చూపిస్తూ. చిన్న కటింగ్ వీల్‌తో అంచు వెంబడి కోస్తారు. కోసింది తిరిగి అతకొచ్చు గానీ, ఫ్యాక్టరీ అతుకు బలం దానికి రాదు. ఎండ, వాన, రోడ్డు కుదుపులు అన్నీ దాని మీదే కదా.

మూయడంలోనూ మెలకువలున్నాయి. వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడితే, ఆ ఆవిరికి లోపలి మెరుపు పూత, తీగల కొసలు పాడవుతాయి. ఆ వాసన లేని 'న్యూట్రల్' రకం వాడాలి. అది గట్టిపడటానికి ఒక రోజైనా ఆగాలి. పెట్రోలు, థిన్నరు పెట్టి తుడిస్తే ఆక్రిలిక్ సన్నగా పగుళ్లిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దీపానికి గాలి పీల్చుకునే చిన్న రంధ్రాలుంటాయి. వెలిగి వేడెక్కినప్పుడు గాలి బయటికి పోతుంది, చల్లారాక లోపలికి వస్తుంది. తెలియక ఆ రంధ్రాలు కూడా మూసేస్తే, అన్నం గిన్నె మూతకి పట్టినట్టు లోపల చెమ్మ పడుతుంది.

ఇంతా చేస్తే మా దీపం జబ్బు వేరే! బల్బు హోల్డరు చుట్టూ ఉండే రబ్బరు రింగు ఎండి చిట్లిపోయింది. నీళ్లు దిగింది అక్కణ్ణించే. రింగు మార్చి, లోపల ఆరబెట్టి ఇచ్చాడు. కొయ్యక్కర్లేకుండానే పనైపోయింది. కాబట్టి నీళ్లు దిగాయని ఎవరైనా "విప్పేద్దాం" అంటే, ముందు రబ్బర్లు చూడమనండి.

వీధిలో పరీక్ష

మావాడికి మాత్రం స్మోక్ మోజు తీరలేదు. "ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది పిన్నీ" అంటాడు. వాడి స్నేహితుడి కారుకి అప్పటికే నల్లరంగు వేయించారు. ఒక రాత్రి సన్నగా తుంపర పడుతుంటే రెండు కార్లూ మా వీధిలో పక్కపక్కనే పెట్టించి, దీపాలు వేయించాను. "ఇక నడు వెనక్కి" అన్నాను. వాడు అడుగులు లెక్కపెట్టుకుంటూ వీధి చివరిదాకా వెళ్లాడు. మా కారు ఎరుపు అక్కడిదాకా కనిపించింది. నల్లదీపం సగం దూరంలోనే మసకేసింది. బ్రేకు తొక్కితే కనపడింది గానీ, తొక్కారా లేదా అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత రెండు కార్ల దీపాలూ ఆర్పించి టార్చి వేయించాను. మా దీపంలోని రిఫ్లెక్టరు పిల్లికన్నులా మెరిసింది. కారు ఆగిపోయి బ్యాటరీ చచ్చినా, వెనక వచ్చే బండి వెలుతురుకి మెరిసి మనల్ని కాపాడేది అదే. నల్లరంగు కింద అది గుడ్డిదైపోయింది. మావాడు ఏమీ మాట్లాడలేదు. నేనూ రెట్టించలేదు.

చట్టం ఏమంటుంది?

వెనక దీపం ఎర్రగానే ఉండాలన్నది మోటారు వాహనాల నిబంధన. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. యజమాని అంటే ఎవరు? ఆర్‌సీలో పేరున్నవాళ్లు. సరదా పిల్లలది, సంజాయిషీ మనది!

అలాగని ఎల్‌ఈడీలు చెడ్డవని నేననను. మామూలు బల్బు కన్నా ఎల్‌ఈడీ బ్రేకు లైటు సెకనులో సుమారు అయిదో వంతు ముందే వెలుగుతుంది. వంద కిలోమీటర్ల వేగంలో వెనక కారుకి అది అయిదు మీటర్లకి పైగా కలిసొచ్చినట్టే. కానీ అది దాని కోసమే తయారైన దీపంలో ఉండాలి. మామూలు బల్బు కోసం చేసిన డబ్బాలో పట్టీలు అతికిస్తే, వెలుగు ఎటు పడాలో అటు పడదు.

నెలకోసారి ఈ చిన్న పని చేయండి. చీకటి పడ్డాక ఇంట్లో ఎవరినైనా బ్రేకు తొక్కమని, మీరు కారు వెనక నిలబడి చూడండి. రెండు వైపులా బ్రేకు లైట్లు, పైన మూడోది ఉంటే అదీ, ఇండికేటర్లు, నంబరు ప్లేటు దీపం వెలుగుతున్నాయా? గ్లాసు లోపల నీళ్లున్నాయా? తడిగుడ్డతో ఆ దుమ్ము తుడవండి. స్కూటరుందా, దానికీ అంతే. అయిదు నిమిషాల పని. ఇవాళ సాయంత్రమే మొదలుపెడితే ఏం పోయింది?