చెక్క ఓడ కడుతున్నారా? కళ్లు, ఊపిరితిత్తులు జాగ్రత్త!

పెట్టెలో విడిభాగాలుగా వచ్చే చెక్క ఓడను ఇంట్లో కూర్చుని కట్టుకోవడం అనేక దేశాల్లో పెద్దవారికి ఇష్టమైన కాలక్షేపం. 1869లో స్కాట్లాండులోని డంబార్టన్‌లో నీటిలోకి దిగిన 'కట్టీ సార్క్' అనే తేయాకు ఓడ నమూనా వీటిలో పేరుపొందినది. అసలు ఓడ లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉంది.

ముందుగా వెన్నెముక వంటి పలకకు పక్కటెముకల్లా అడ్డచట్రాలు అతికిస్తారు. సన్నని చెక్క బద్దలను నీళ్లలో నానబెట్టి, వంచి, ఒక్కొక్కటీ అంటిస్తారు. ఎండాక గరుకు కాగితంతో రుద్దుతారు. ఆపైన తెరచాప కొయ్యలు, తాళ్లు. నెలల తరబడి సాగే పని ఇది.

వేళ్లకు, మనసుకు మంచి వ్యాపకమే. అయితే ఈ సంగతులు మరువకండి.

చెక్క పొడి ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తుంది. ఏళ్ల తరబడి పీల్చే పనివారికి ముక్కులో క్యాన్సర్ కూడా రావచ్చు. మాస్కు పెట్టుకోండి. పొడిని చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి.

త్వరగా పట్టే జిగురు వేళ్లకు అంటుకుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే నీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకు చూపించండి.

షుగరు ఉన్నవారు కత్తి గాటు చిన్నదైనా అశ్రద్ధ చేయరాదు.

మంచి వెలుతురులో పనిచేయండి. 20 నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడండి.

చిన్న మేకులు పసిపిల్లలకు అందనివ్వకండి.

ఓడ ఆలస్యమైనా ఫరవాలేదు. కట్టినవారు ఆరోగ్యంగా ఉండి దాన్ని చూసుకోవాలి కదా!