పశువుల రవాణా – రోగ నియంత్రణ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని నిమ్‌పురా అనగానే గూడ్సు బండ్లను విడదీసి, గమ్యస్థానాల వారీగా తిరిగి కూర్చే విశాలమైన యార్డు గుర్తుకు వస్తుంది. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర జిల్లాలవారు ఎందరో ఇక్కడి కొలువులలో చేరి, తరతరాలుగా స్థిరపడినారు. పలు రాష్ట్రాల సరకు కలిసే ఇటువంటి కూడలిని చూచినవారికి, పశురోగ నివారణ ఏ ఒక్క గ్రామమో ఒంటరిగా సాధించగల కార్యం కాదని సులభంగా బోధపడుతుంది.

రోగం పశువుతోపాటే ప్రయాణిస్తుంది. ఒకప్పుడు రైతుల కొట్టాలను ఖాళీ చేసిన ముసర వ్యాధి మందలతోపాటు సంతలకు, అక్కడి నుండి పరాయి గ్రామాలకు వ్యాపించేది. వన్యమృగాలు సైతం దానికి బలి అయినవి. 1968లో బందీపూర్, ముదుమలై అడవులలో అడవిదున్నలు పెద్ద సంఖ్యలో మరణించినవి. గాలికుంటు వ్యాధి కూడా పశువులకే పరిమితం కాదు, జింకలకూ సోకుతుంది.

అందువలననే 1978 నాటి పశు రవాణా నియమాలు, అంటువ్యాధులు లేవనీ, ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నవనీ పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం పశువుల వెంట ఉండాలని విధించినవి. బ్రాడ్‌గేజి వ్యాగనులో పదికి మించి పెద్ద పశువులను ఎక్కించరాదు. 2009 చట్టం మరొక అడుగు ముందుకు వేసి, రోగలక్షణాలను దాచక తెలియజేయుట యజమాని బాధ్యతగా చేసినది. నియంత్రిత ప్రాంతం గుండా రైలులో సాగిపోయే పశువులకు మినహాయింపు కలదు. కాని అవి అక్కడ దిగరాదు. పశువు నేలపై కాలు మోపిన చోటనే ప్రమాదం ఆరంభమవుతుంది కదా!

జింకల విషయంలోనూ సూత్రం ఇదే. న్యూజిలాండ్‌లో 1969లో చట్టబద్ధమైన జింకల పెంపకం, కాలక్రమాన క్షయవ్యాధి పరీక్షలతో ముడిపడినది. మన దేశంలో జింకలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనివి. వాటిని ఉంచే జంతుప్రదర్శనశాలలకు కేంద్ర జూ అథారిటీ గుర్తింపు ఉండాలి. ప్రతి జీవి ఎక్కడి నుండి వచ్చినదో, ఎక్కడికి పోయినదో తెలిసినప్పుడే రోగం జాడ తెలుస్తుంది.

ఈ శ్రమ వృథా కాలేదు. టీకాల వలన, నిఘా వలన ముసర వ్యాధి మన దేశంలో చివరిసారిగా 1995లో కనిపించినది. 2006లో భారతదేశం దాని నుండి విముక్తి పొందినట్లు అంతర్జాతీయ గుర్తింపు లభించినది. 2011లో ప్రపంచమంతటా నిర్మూలనమైనట్లు ప్రకటన వెలువడినది. గాలికుంటు, బ్రుసెల్లోసిస్‌లపై జాతీయ కార్యక్రమం 2019లో ఆరంభమైనది. పశువైద్యుని ధ్రువపత్రం చిన్న కాగితమే కావచ్చు. దానిని నిజాయితీతో వ్రాసి, నిజాయితీతో చూచిననాడు అది దూరాన ఉన్న ఎవరి పాడి ఆవునో కాపాడుతుంది.