గర్భసంచికి చికిత్స, రొమ్ముల్లో సలుపు

డి అండ్ సి (గర్భసంచి లోపలి పొరను గీకి శుభ్రం చేయడం) చేయించుకుని ఇంటికొచ్చిన నాలుగు రోజులకు రొమ్ములు బరువెక్కి, జాకెట్టు తగిలినా సలుపుతుంటే ఎవరికైనా భయమే. చికిత్స జరిగింది గర్భసంచికి కదా! రొమ్ములకు ఆజ్ఞలు వెళ్లేది మాత్రం అండాశయాల నుంచి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి. ఈ సంగతి డిశ్చార్జి అయ్యే రోజునే చెప్పి పంపితే ఎంతోమందికి నిద్ర పడుతుంది.

గర్భం నిలవక శుభ్రం చేయించుకున్నవారి ఒంట్లో గర్భంతో ఊరిన హెచ్‌సీజీ హార్మోను వెంటనే పోదు. అది సగానికి తగ్గడానికే సుమారు 24 నుంచి 36 గంటలు పడుతుంది, పూర్తిగా పోవడానికి వారాలు. అందుకే సలుపు కొన్నాళ్లు ఉండవచ్చు, ఇంట్లో చేసుకునే గర్భ పరీక్షలో ఇంకా రెండు గీతలు కనబడవచ్చు.

గర్భానికి దాదాపు 16 వారాలు నిండేసరికే రొమ్ములు పాలకు సిద్ధమవుతాయి. ఆ తర్వాత గర్భం పోతే, ప్రొజెస్టిరాన్ హార్మోను ఒక్కసారిగా పడిపోయి నిజంగానే పాలు రావచ్చు. ఒడిలో బిడ్డ లేని తల్లికి ఇంతకన్నా కష్టం ఏముంటుంది? ముందే ఒక్క మాట చెప్పాలి. పదేపదే పిండితే పాలు మరింత ఊరతాయి. బిగుతుగా కాక, ఆసరా ఇచ్చే బ్రా, చల్లని గుడ్డ కొంత ఊరటనిస్తాయి. పాలు ఆగడానికి మాత్రలూ ఉన్నాయి, డాక్టరు చెబితేనే వాడాలి.

గర్భం ఊసే లేకుండా, గర్భసంచిలో పెరిగిన పాలిప్ (చిన్న కండ) తీయించుకున్నవారికీ సలుపు రావచ్చు. వాంతులు ఆగడానికిచ్చే మెటోక్లోప్రమైడ్ డోపమైన్‌ను అడ్డుకుంటుంది. పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోనుకు కళ్లెం వేసేది ఆ డోపమైనే!

డి అండ్ సి తర్వాత ఒక్కోసారి గర్భసంచి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయే స్థితిని 1948లో వివరించిన వైద్యుడు జోసెఫ్ ఆషర్‌మన్. ఆ అతుకులు విడదీశాక లోపలి పొర మళ్లీ పెరగాలని కొందరికి ఈస్ట్రోజెన్ మాత్రలు ఇస్తారు. రొమ్ములు సలపడం ఆ మాత్రల వల్లే కావచ్చు.

ఒక వైపే ఎర్రబడి జ్వరం వచ్చినా, గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంకొకటి: గర్భసంచి తీసేసినా అండాశయాలు ఉంచితే, నెలసరి రాదు గానీ నెలనెలా ఆ సలుపు మాత్రం వస్తూనే ఉండవచ్చు.