పరిణామ సిద్ధాంతం చర్చావేదికపై తేలే విషయమేనా?

నేటి జీవజాతులన్నీ పూర్వపు జాతుల నుంచి కోట్ల సంవత్సరాల కాలంలో క్రమంగా మార్పు చెందుతూ ఏర్పడ్డాయని చెప్పేది పరిణామ సిద్ధాంతం. చార్లెస్ డార్విన్ 1859లో తన గ్రంథాన్ని వెలువరించిన నాటి నుంచి దీనిని మత విశ్వాసం ప్రాతిపదికగా నిరాకరించేవారు ఉంటూనే ఉన్నారు. వీరిలో బైబిలులోని ఆదికాండాన్ని అక్షరసత్యంగా స్వీకరించి, దేవుడు జీవులను వేర్వేరుగా సృష్టించాడనీ, భూమి వయసు కొన్ని వేల ఏళ్లు మాత్రమేననీ వాదించే సృష్టివాదులు అమెరికాలో బలమైన వర్గం. శాస్త్రవేత్తలను బహిరంగ చర్చకు ఆహ్వానించడం వారు చాలాకాలంగా అనుసరిస్తున్న పద్ధతి కాగా, ఆ ఆహ్వానాన్ని మన్నించాలా వద్దా అన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

ఈ చర్చల తీరును అర్థం చేసుకోవడానికి డ్యూయేన్ గిష్ ఉదాహరణ చాలు. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఆయన, సృష్టివాద పరిశోధన పేరుతో నడిచే ఒక సంస్థ తరఫున విశ్వవిద్యాలయాల్లో ఎన్నో చర్చల్లో పాల్గొన్నారు. ఒక ఆక్షేపణకు జవాబు పూర్తికాకముందే మరో పది ఆక్షేపణలు కురిపించే ఆయన ధోరణికి, విజ్ఞానబోధన పక్షాన పోరాడిన మానవశాస్త్రవేత్త యూజెనీ స్కాట్ ‘గిష్ గ్యాలప్’, అంటే గిష్ దౌడు, అని పేరు పెట్టారు. ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం ప్రకారం అన్నీ క్రమం నుంచి అస్తవ్యస్తం వైపే సాగుతాయి కనుక సరళ జీవుల నుంచి సంక్లిష్ట జీవులు పుట్టడం అసాధ్యమన్నది సృష్టివాదులు తరచూ లేవనెత్తే ఆక్షేపణ. దీనిని చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆ నియమం ఆ రూపంలో వర్తించేది బయటి నుంచి శక్తి అందని వ్యవస్థకేననీ, భూమికి సూర్యుని నుంచి నిరంతరం శక్తి అందుతూనే ఉందనీ, ఆ శక్తితోనే ప్రతి విత్తనమూ చెట్టవుతోందనీ శ్రోతలకు బోధపరచాలంటే మాత్రం ముందు ఆ నియమమేమిటో చెప్పాలి, తర్వాత శక్తి ప్రవాహం గురించి చెప్పాలి. అంతలో గడియారం మోగుతుంది. జవాబు లేక ఆగిపోయిన వక్తకూ, సమయం చాలక ఆగిపోయిన వక్తకూ మధ్య ఉన్న తేడా సభలో కూర్చున్నవారికి తెలియదు.

పరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ ఇలాంటి చర్చలు వద్దని సలహా ఇచ్చేవారు. రిచర్డ్ డాకిన్స్ ఆ సలహానే పాటించారు. సృష్టివాదికి చర్చలో గెలుపు కన్నా శాస్త్రవేత్త సరసన కుర్చీ దొరకడమే ముఖ్యమనీ, ఆ కుర్చీతోనే రెండు పక్షాలూ సమానమన్న భావన జనంలో నాటుకుంటుందనీ వారి వాదన. 2014 ఫిబ్రవరి 4న కెంటకీ రాష్ట్రంలోని క్రియేషన్ మ్యూజియంలో, టీవీ కార్యక్రమాల ద్వారా విజ్ఞానాన్ని ప్రచారం చేసిన బిల్ నై, ఆ మ్యూజియం స్థాపకుడు కెన్ హామ్‌తో తలపడినప్పుడు ఈ భయం కొంతవరకు నిజమైంది. తమ అభిప్రాయాన్ని ఏది మార్చగలదని ఇద్దరినీ అడిగితే, సాక్ష్యం చూపితే మార్చుకుంటానని నై చెప్పగా, హామ్ తన విశ్వాసాన్ని ఏదీ మార్చలేదన్న అర్థంలో బదులిచ్చారు. ఆ ఒక్క సమాధానం విన్నవారికి మేలే జరిగి ఉంటుంది. అయితే బైబిలు కథలోని నోవహు ఓడ నమూనా నిర్మాణానికి జారీ చేసిన బాండ్లకు ఆ చర్చ తెచ్చిన ప్రచారం తోడ్పడిందని కొద్ది వారాల్లోనే హామ్ స్వయంగా ప్రకటించారు. ఆ ఓడ 2016 జులైలో సందర్శకులకు తెరుచుకుంది.

అలాగని మౌనం పరిష్కారం కాదు. 2005 మేలో కాన్సస్ రాష్ట్ర విద్యామండలి పరిణామ సిద్ధాంతంపై విచారణ జరిపినప్పుడు శాస్త్రవేత్తల సంఘాలు దానిని బహిష్కరించాయి; మండలి విజ్ఞాన పాఠ్య ప్రమాణాల్లో తాను అనుకున్న మార్పులను ఆ ఏడాదే ఆమోదించింది. ఎన్నికల్లో సభ్యులు మారాకే, 2007లో అవి రద్దయ్యాయి.

అదే 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణ పాఠశాలల వ్యవహారం న్యాయస్థానంలో విచారణకు వచ్చింది. జీవుల వెనుక ఒక మేధావి రూపశిల్పి ఉన్నాడని చెప్పే ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వాదాన్ని అక్కడి పాఠశాల మండలి విద్యార్థుల ముందుకు తేగా, 11 మంది తల్లిదండ్రులు దావా వేశారు. ఇక్కడ కెన్నెత్ మిల్లర్ వంటి శాస్త్రవేత్తలు వెనుకాడలేదు, ఎందుకంటే న్యాయస్థానంలో ప్రతి మాటకూ సాక్ష్యం చూపాలి, అడ్డుప్రశ్నలు ఎదుర్కోవాలి, వారాల తరబడి సమయం ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ పరిణామాన్ని శాస్త్రం వివరించలేదన్న, ఇంటెలిజెంట్ డిజైన్ పక్షాన సాక్ష్యమిచ్చిన మైకేల్ బేహీ ముందు తల్లిదండ్రుల న్యాయవాది ఆ అంశంపైనే వెలువడిన 58 పరిశోధన వ్యాసాలను పెట్టారు. అవి చాలవని ఆయన అన్నారు. ఇంటెలిజెంట్ డిజైన్ విజ్ఞానం కాదని న్యాయమూర్తి జాన్ జోన్స్ డిసెంబరు 20న 139 పేజీల తీర్పు ఇచ్చారు. వేదిక మీద గంటన్నరలో దొరకనిది ఇక్కడ దొరికింది.

భారతదేశానికీ ఈ సమస్య దూరంగా లేదు. 2018 జనవరిలో కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతం తప్పని ప్రకటించినప్పుడు, దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి దానిని ఖండిస్తూ ప్రకటన చేశాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ భాగాన్ని తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావంతులు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం చదవని పిల్లలకు ఆ పాఠం ఇక ఎక్కడా ఎదురుకాదు కనుక, అమెరికా వేదికల మీది ఏ పరాజయం కన్నా ఇది పెద్ద నష్టం. శాస్త్రవేత్తలు చర్చా పోటీల ఆహ్వానాలను మర్యాదగా నిరాకరించి, ఆ శ్రమను పాఠ్యపుస్తకాలకూ, ఉపాధ్యాయుల శిక్షణకూ, తెలుగులో చదివే పిల్లలకు అర్థమయ్యే వ్యాసాలకూ వెచ్చించాలి. నిజంగా తెలుసుకోవాలని అడిగే విశ్వాసికి మాత్రం ఎంత సమయమైనా ఇవ్వాలి.