ముంజలు లాగించేస్తున్నారా? మరి తాటి టెంక ఎప్పుడైనా నాటారా?

ఎండాకాలం వచ్చిందంటే చాలు.. సూర్యాపేట, కోదాడ హైవే పక్కన, ఇటు మిర్యాలగూడ రోడ్లపైన తాటి ముంజల కుప్పలు కనిపిస్తాయి. బండి ఆపి డజను కట్టించుకోవాల్సిందే. కానీ ఒక్కసారి ఆలోచించండి.. మనం తినే ముంజ నిజానికి తాటి చెట్టు లేత విత్తనం.

కాయకు మూడు ముంజలు

ఒక్కో కాయలో సాధారణంగా మూడు ముంజలుంటాయి. కోయకుండా వదిలేస్తే కాయ పండి, వానాకాలంలో రాలుతుంది. అందులోని టెంకలను మట్టిలో పాతితే వచ్చే మొలకలే గేగులు, అదే తేగలు. అంటే ముంజ తిన్నా, గేగు తిన్నా ఓ చెట్టును తిన్నట్టే!

కాయాలంటే ఏళ్లు పట్టాల్సిందే

తాటిలో ఆడ, మగ చెట్లు వేరువేరు. కాయలు ఆడ చెట్టుకే. అది ఏ చెట్టో తెలియాలంటే పూత దాకా ఆగాలి. అందుకు సుమారు 12 నుంచి 15 ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత మాత్రం దశాబ్దాల పాటు కాస్తూనే ఉంటుంది. ప్లాట్ల కోసం, రోడ్ల కోసం ఒక్క రోజులో కొట్టేస్తే.. ఆ లోటు తీరడానికి ఓ తరం కావాలి.

ఏదీ వేస్ట్ కాదు

రెండు రకాల చెట్లూ కల్లు ఇస్తాయి. పులియకముందు తీసిందే నీరా, దాన్ని కాస్తే తాటిబెల్లం. ఆకులతో చాపలు, బుట్టలు, విసనకర్రలు, గుడిసెకు కప్పు. మొద్దుతో దూలాలు. మోకు, ముత్తాదుతో చెట్టెక్కే గీత కార్మికులకు ఇదే బతుకుదెరువు. వాళ్లు పడిపోకుండా తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్ష' సేఫ్టీ కిట్లు తెచ్చింది. కిట్ ఉన్నా.. ఎక్కడానికి చెట్టుండాలిగా! తాటిని రాష్ట్ర వృక్షంగా చేసుకున్న తమిళనాడు అయితే, చెట్టు నరకాలంటే కలెక్టర్ అనుమతి ఉండాల్సిందేనని 2021లో ప్రకటించింది.

మనమేం చేయొచ్చు?

చాలా సింపుల్. ముంజలు తినండి, కానీ చెట్టుకు ఒక గెల పండనివ్వండి. రాలిన పండ్ల టెంకలను వానలు పడుతున్నప్పుడే పొలం గట్టునో, చెరువు కట్ట దగ్గరో పాతేయండి. మొలక ముందు భూమిలోకి లోతుగా దిగుతుంది కాబట్టి, పీకి మరోచోట నాటితే బతకడం కష్టం. చెట్టు ఎక్కడ కావాలో అక్కడే టెంక పెట్టాలి. ఎరువు, మందు, రోజూ నీళ్లు.. ఇవేవీ అక్కర్లేదు.

ఈ ఏడు నాటిన టెంక ముంజలు మనకు కాకపోయినా, మన పిల్లలకు పక్కా!