పోటే క్రేను... గట్టే డాకు!

* వేట విరామంలో ఉప్పుటేటి ఒడ్డునే బోట్ల మరమ్మతులు
* ఒక పోటు తప్పితే పక్షం రోజుల నిరీక్షణ

తాళ్లరేవు: టన్నుల బరువుండే మరబోటును నీటి నుంచి పైకి తీయాలంటే షిప్‌యార్డులో క్రేను, డ్రైడాకు అవసరం. గోదావరి తీరంలో మాత్రం ఆ పనిని సముద్రపు పోటు, పాటులే చేసిపెడుతున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధ కాలంలో కాకినాడ, తాళ్లరేవు పరిసరాల ఉప్పుటేటి గట్లు మరమ్మతు కేంద్రాలుగా మారతాయి. ఈ ప్రాంతానికి ఇది కొత్త విద్య కాదు. సమీపంలోని కోరంగి ఒకప్పుడు తెరచాప ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరొందిన రేవు. 1839 నాటి పెను తుపాను ఆ రేవును దెబ్బతీసినా పనితనం మాత్రం అంతరించలేదు.

గడువు నిర్ణయించేది చంద్రుడే

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కటై పోటు అధికమవుతుంది. అప్పుడు ఈ తీరంలో పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి ప్రాంతంలో అందులో సగమైనా ఉండదు. పెద్దపోటు వేళ బోటును గట్టు వాలుపైకి చేర్చి, ఇరువైపులా దుంగలతో ఊతమిస్తారు. నీరు తగ్గగానే అడుగుభాగం బయటపడుతుంది. తిరిగి తేలాలంటే మరో పెద్దపోటు రావలసిందే. అంటే పనికి గడువు పక్షం రోజులే. నిషేధ కాలం మొత్తం మీద లభించేవి నాలుగు పక్షాలు. అన్నిటికన్నా ఎత్తయిన పోటుకు ఎక్కించిన బోటును తరువాతి పోటు అందుకోలేకపోవచ్చు. అందువల్ల అంతకు కొంత తక్కువ పోటులో ఎక్కించడమే క్షేమం.

అడుగున దాగిన ముప్పు

ముందుగా అడుగుకు పట్టిన గుల్లలను గీకివేస్తారు. ఇవి పేరుకుంటే బోటు వేగం తగ్గి డీజిల్ ఖర్చు పెరుగుతుంది. కొయ్య బోట్లకు ఓడపురుగు బెడద అధికం. పైకి చిన్న రంధ్రమే కనిపించినా లోపల పలక జల్లెడవుతుంది. సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే ఆ పలకను మార్చవలసిందే. పలకల సందుల్లో నూనెలో తడిపిన ప్రత్తినూలును బిగించి కూరి, పైన గుగ్గిలం పూత వేస్తారు. ఫైబరు బోట్లలో పగుళ్లు పూర్తిగా ఆరిన తరువాతే రెజిన్ అతకాలి. తేమ ఉంటే అతుకు నిలువదు.

జింకు దిమ్మలు ఎందుకు?

కంచు ఫ్యాను, ఇనుప చుక్కాని ఉప్పునీటిలో చేరువగా ఉంటే విద్యుత్ రసాయన చర్య జరిగి ఇనుము క్రమంగా క్షీణిస్తుంది. చుక్కానికి జింకు దిమ్మ బిగిస్తే ముందుగా అదే కరిగి ఇనుమును కాపాడుతుంది. సగానికి పైగా కరిగిన దిమ్మను మార్చాలి. దానిపై రంగు వేస్తే ప్రయోజనం శూన్యం.

ఫ్యాను ఇరుసు బోటులోకి ప్రవేశించే చోట గ్రీజు పట్టించిన తాడు చుట్టలతో ప్యాకింగు ఉంటుంది. ఇరుసు తిరిగేటప్పుడు చుక్కలుగా నీరు రావడం సహజం, ధారగా కారితే ప్రమాద సూచన. నడిసముద్రంలో ఇంజను ఆగి, నీటిని తోడే పంపు కూడా మొరాయిస్తే బోటు మునిగే ముప్పుంది. గట్టున దీనిని సరిచేయడం కొన్ని గంటల పని. సముద్రంలో అదే లోపం సిబ్బంది ప్రాణాల మీదికి తెస్తుంది. అందుచేత రంగుల హంగుకన్నా ముందు సందులు, ఇరుసు, పంపు సరిచూసుకోవడమే యజమానుల ప్రథమ కర్తవ్యం.