పందిట్లో ఆడిన బొమ్మలాట

1995లో వినాయక చవితి పందిట్లో మా కొల్లాపూర్ కుర్రవాళ్ళు ఒక చిన్న నాటిక వేశారు. దాన్ని వ్రాసినవాణ్ణి నేనే. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. నాటికలో పెద్ద కథేమీ లేదు. కాషాయం కట్టుకున్న పెద్దాయన ఒకడు కుర్చీలో కూర్చుంటాడు. ఆయన రెండు చేతులకూ తాళ్ళు. వెనకాల పట్టుచీర కట్టిన కుర్రవాడు తాడు లాగినప్పుడల్లా పెద్దాయన చెయ్యి ఎత్తుతాడు, సంతకం పెడతాడు, వచ్చినవాళ్ళను పొమ్మంటాడు. పేర్లు చెప్పవలసిన పనే లేదు. పందిరంతా విరగబడి నవ్వింది.

నవ్వనిది ఒక్కరే. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న మా చిన్నమ్మ మెల్లగా లేచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రోజులు ఎలాంటివో కొంచెం గుర్తు చేసుకోవాలి. ఎన్.టి. రామారావుగారి భార్య బసవతారకంగారు 1985లో పోయారు. తరువాత కొన్నేళ్ళకు ఆయన జీవితచరిత్ర వ్రాయాలని వచ్చిన తెలుగు అధ్యాపకురాలు లక్ష్మీపార్వతిగారిని 1993 సెప్టెంబరులో పెళ్ళి చేసుకున్నారు. ఆ సంగతి ఎవరో గుసగుసగా బయటపెట్టింది కాదు. తిరుపతిలో ‘మేజర్ చంద్రకాంత్’ ఉత్సవసభలో, వేల జనం ముందు, ఆయనే ప్రకటించారు. 1994 డిసెంబరు ఎన్నికల్లో 294 స్థానాల్లో ఆయన పార్టీ 216 గెలిచింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1995 ఆగస్టులో, పార్టీ రెండుగా చీలింది. సెప్టెంబరు 1న అల్లుడు చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న రామారావుగారు కన్నుమూశారు.

ఆ చీలికకు కారణాలు ఎన్నో ఉండవచ్చు. కాని జనం నోట మిగిలింది ఒకే కారణం: ‘ఆవిడే’. ‘రాజ్యాంగేతర శక్తి’ అన్న బరువైన మాట మా టీ హోటళ్ళలో చదువు రానివాళ్ళు కూడా అనేవారు. పత్రికల్లో వ్యంగ్యచిత్రాలు, వేదికల మీద మిమిక్రీలు, వీధుల్లో జోకులు, అన్నిటిలోనూ ఆమె వెనకే, ఆయన ముందే. మా నాటిక కూడా ఆ సంతలో కొన్న సరుకే. నా సొంత బుర్రలో పుట్టిందేమీ కాదు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మ నా పదిహేనో ఏట పోయింది. మా నాయిన గుమాస్తా ఉద్యోగం చేసేవాడు. రెండేళ్ళు ఒంటిచేత్తో వండి పెట్టాడు. తరువాత ఒక బడిపంతులమ్మను పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. రామారావుగారి పెళ్ళి జరిగిన తరువాత మాత్రం మా వీధికి ఒక పేరు దొరికింది. మా చిన్నమ్మ బిందె పట్టుకుని నీళ్ళకు పోతుంటే అరుగుల మీదివాళ్ళు “లక్ష్మీపార్వతి పోతున్నది” అనుకుని నవ్వుకునేవారు. నాయిన ఇల్లు అమ్మనన్నా, నా మేనత్తకు అప్పు ఇవ్వనన్నా, అది చిన్నమ్మ చెప్పించిందే అనేవారు. ఆ పేరు నాకు తెలియదా? తెలుసు. అందుకే నాటిక వ్రాస్తున్నప్పుడు నాకు అంత ఉత్సాహం వచ్చింది కాబోలు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళేసరికి ఆమె అన్నం పెట్టి పక్కన కూర్చుంది. కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె అన్నది ఇంతే:

“నన్ను ఏమన్నా అనుకోని బిడ్డా, ఓర్సుకుంట. గని నేను ఆడిస్తే ఆడెటోడంటే, మీ నాయిన్ని ఎంత తక్కువ జేసినట్టు?”

నాకు ముద్ద దిగలేదు. ఆ మాట అప్పటినుంచి నన్ను వదలలేదు.

నిదానంగా ఆలోచిస్తే ఆ మాటలో పెద్ద సంగతే ఉంది. రామారావుగారిని ఎగతాళి చేయడం మనవాళ్ళకు కొత్త కాదు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 1987లో ‘మండలాధీశుడు’ సినిమా వచ్చింది. కోట శ్రీనివాసరావుగారు ఆయనను తలపించే వేషం కట్టారు. 1989లో ఆయన మా పొరుగునే ఉన్న కల్వకుర్తిలో నిలబడి ఓడిపోయారు, హిందూపురంలో గెలిచారు. ఆ ఎన్నికలప్పుడు మా ఊళ్ళో పేలిన జోకులన్నీ ఆయన చేసిన పనుల మీదే, ఆయన మాట్లాడే తీరు మీదే. నచ్చినా నచ్చకపోయినా అవి ఆయనకు తగిలిన జోకులు. ఆరేళ్ళు గడిచేసరికి మా జోకుల్లో అంతటి మనిషీ మాట పలుకులేని బొమ్మ అయిపోయాడు. భార్యను వెక్కిరిస్తున్నామనుకుని భర్తను చిన్న చేశాం. ఆయన తప్పులు చేసి ఉంటే, ఆ తప్పులు చేసే హక్కు కూడా ఆయనకు లేకుండా చేశాం.

ఇందుకు మనకు తయారుగా అచ్చులున్నాయి. రాజు పెద్దవాడు, భార్య చిన్నది అయితే కైక. కొడుకైతే ఉత్తరకుమారుడు. అల్లుడైతే దశమగ్రహం. కొత్త మనిషి కనబడగానే కొలతలు తీసుకోము. పాత చొక్కానే తొడిగేస్తాము. 2019 డిసెంబరులో వచ్చిన ‘అమ్మరాజ్యంలో కడపబిడ్డలు’ సినిమాలో నారా లోకేశ్‌గారిని తలపించే పాత్రకు తొడిగింది ఉత్తరకుమారుడి చొక్కాయే. ఆ ఏడు ఆయన మంగళగిరిలో ఓడారు కనుక అది సరిపోయిందని నవ్వారు. 2024లో ఆయన అక్కడే గెలిచారు. చొక్కా మాత్రం మారలేదు.

ఇది మన ఒక్కరి జబ్బే అనుకోకండి. ఇంగ్లండులో మార్గరెట్ థాచర్ ప్రధాని అయిన 1979 నుంచి ‘ప్రైవేట్ ఐ’ అనే హాస్యపత్రిక ఆమె భర్త డెనిస్ వ్రాసినట్టుగా బూటకపు ఉత్తరాలు వేసేది. 1981లో దాని మీద లండన్‌లో నాటకమే ఆడారు. ఆ దంపతులు వెళ్ళి చూశారు కూడా. అందులో డెనిస్ ఎలాంటివాడు? గోల్ఫూ, గ్లాసూ ఉంటే చాలుననుకునే అమాయకుడు, పెళ్ళాం కంటబడకుండా తిరిగేవాడు. ఒక్క తేడా గమనించండి. నాయకురాలి భర్త అయితే ఏమీ పట్టనివాడు. నాయకుడి భార్య అయితే అన్నీ తానే పట్టుకున్నది. అతని మీద నవ్వు మర్నాటికి పోతుంది. ఆమె మీద నవ్వు నిందై నిలబడుతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ప్రభుత్వంలో పదవి లేనివారు ప్రభుత్వాన్ని నడుపుతున్నారనిపిస్తే జనం అడగవలసిందే, అవసరమైతే వెక్కిరించవలసిందే. లక్ష్మీపార్వతిగారు ఆ తరువాత సొంతంగా రాజకీయాల్లో దిగి, 1996 ఉపఎన్నికలో పాతపట్నం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు కూడా. రాజకీయాల్లో ఉన్నవారు విమర్శకు అతీతులు కారు. కాని ఆమె ఏ పని చేసిందని మా నాటికలో వ్రాశాను? ఏమీ లేదు. తాడు పట్టుకుని నిలబడింది, అంతే.

2019లో ఈ కథ తెరకెక్కింది. బాలకృష్ణగారు తండ్రి వేషం కట్టిన ‘కథానాయకుడు’ జనవరిలోనూ, ‘మహానాయకుడు’ ఫిబ్రవరిలోనూ వచ్చాయి. ఆ కథ బసవతారకంగారితోనే ముగుస్తుంది. రెండో పెళ్ళి ఊసే లేదు. మార్చి 29న తెలంగాణలో రామ్‌గోపాల్‌వర్మగారి ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ వచ్చింది. ఆంధ్రలో మాత్రం కోర్టు ఆపడంతో ఎన్నికల తరువాతే ఆడింది. అందులో ఆమే కథానాయిక, నింద పడిన ఇల్లాలు.

నాయిన అప్పటికే లేడు. డెబ్బైకి దగ్గరపడ్డ చిన్నమ్మ ఈ సినిమాలు ఒకదాని తరువాత ఒకటి మా అబ్బాయి ఫోనులో చూసింది. ఎట్లున్నయి అని అడిగాను.

“ఆ సినిమాల ఆమె లేనే లేదు. ఈ సినిమాల ఆమెది ఒక్క తప్పు గూడ లేదు. రెండిట్ల మనిషే లేకపాయె,” అన్నది.

కాసేపు ఆగి, “నీ నాటకం కాయితాలు ఉన్నయా?” అని అడిగింది. ఎక్కడో ట్రంకుపెట్టెలో ఉంటాయన్నాను.

“అండ్ల కుర్సీల కూసున్నాయినకు ఒక్క మాటన్న రాసినవా?”

లేదన్నాను. నిజంగానే ఆ పాత్రకు నేను ఒక్క మాటా వ్రాయలేదు.

“మీ నాయిన అట్ల ఊకున్నడా ఎప్పుడన్న?” అని చిన్నమ్మ నవ్వింది. ఇరవైనాలుగేళ్ళకు ఆ నాటికకు ఆమె నవ్వడం అదే మొదలు.